మోకాలి ‘గుజ్జు’ అంటే కార్టిలేజా, మెనిస్కసా? రోగులకిచ్చే కాగితంలో ఏమని రాయాలి?

అనువాదిని (ప్రశ్న)

ఎముకల విభాగానికి వచ్చే రోగుల కోసం కరపత్రాలు, రిపోర్టు సారాంశాలు ఇంగ్లిషు నుంచి తెలుగు చేస్తున్నాను. ఒక్క మాట దగ్గర పని ఆగిపోయింది. మూలంలో కార్టిలేజ్ (ఎముక కొసల మీది నున్నటి పూత), మెనిస్కస్ (మోకాలి ఎముకల మధ్య ఉండే నెలవంక ఆకారపు మెత్త), డిస్క్ (వెన్నుపూసల మధ్య ఉండేది), బర్సా (రాపిడి తగ్గించే ద్రవపు సంచి), సైనోవియల్ ఫ్లూయిడ్ (కీలులోని ద్రవం) అని ఐదు మాటలున్నాయి. మన జనం నోట దాదాపు అన్నీ ‘గుజ్జు’ కిందకే వస్తాయి. మోకాళ్లలో గుజ్జు అరిగింది, నడుములో గుజ్జు జారింది, గుజ్జు ఇంజెక్షన్ చేయించుకున్నాం అంటారు. కార్టిలేజ్‌కు బడి పుస్తకాల్లో ఉన్న మాట మృదులాస్థి. అది రాస్తే పల్లె నుంచి వచ్చిన పెద్దావిడకు అర్థం కాదు. గుజ్జు అని రాస్తే ఏ గుజ్జో తెలియదు.

ఉదాహరణకు ఎమ్మారై రిపోర్టులో ఈ వాక్యం ఉంది: ‘గ్రేడ్ త్రీ టియర్ ఇన్ ద పోస్టీరియర్ హార్న్ ఆఫ్ మీడియల్ మెనిస్కస్ విత్ మైల్డ్ జాయింట్ ఎఫ్యూజన్’. దీన్ని తప్పు లేకుండా, చదివినవాళ్లు కంగారు పడకుండా తెలుగులో ఎలా చెప్పాలి? మెనిస్కస్‌కు తెలుగు మాట ఉందా, లేక అలాగే ఉంచెయ్యాలా?

పదకోశం

ముందు గుజ్జు సంగతి. మామిడిపండు గుజ్జు, చింతపండు గుజ్జు అన్నప్పుడు మన మనసులో ఉండేది మెత్తగా, వేలితో నొక్కితే అణిగేది.   కీళ్ల విషయంలో వాడుకలో స్థిరపడింది పండు గుజ్జు అర్థమే, చిక్కంతా దాంతోనే వచ్చింది. మోకాలి కార్టిలేజ్ పండు గుజ్జులా ఉండదు. మేక కాలి ఎముక కొస మీద తెల్లగా, నున్నగా, తడి పింగాణీలా మెరిసే పొర ఉంటుంది చూడండి, కత్తి మొనతో గీస్తే కొంచెం జారి తర్వాత దిగుతుంది. అదీ కార్టిలేజ్. దానికి గుజ్జు అనే పేరు పోలిక వల్ల వచ్చింది కాదు, ‘ఎముకల మధ్య మెత్తగా ఉండేది’ అనే ఊహ వల్ల వచ్చింది.

గుజ్జు అనే మాట అక్షరాలా అతికేది ఒక్క చోటే, వెన్నుపూసల మధ్య ఉండే డిస్క్ నడిమి భాగం. దాని లాటిన్ పేరు న్యూక్లియస్ పల్పోసస్. పల్ప్ అంటేనే గుజ్జు. చుట్టూ గట్టి నారల వలయం, నడుమ జిగట గుజ్జు.

అయినా గుజ్జును తీసేయమని నేను చెప్పను. కోట్లమంది నోట నిలిచిన మాట అది. చెయ్యవలసిందల్లా దాని పక్కన క్రియను సరిగ్గా వాడడం. తెలుగులో ఈ తేడా క్రియే చూపిస్తుంది. కార్టిలేజ్ అరుగుతుంది. మెనిస్కస్ చిరుగుతుంది. డిస్క్ ఉబ్బుతుంది, లేదా లోపలి గుజ్జు బయటికి తోసుకొస్తుంది. బర్సా వాస్తుంది. కీలులో నీరు చేరుతుంది. ‘గుజ్జు అరిగింది’, ‘గుజ్జు చిరిగింది’ అని రెండు వాక్యాలు పక్కపక్కన రాయండి, ఇవి రెండు వేరు జబ్బులని ఏ రోగికైనా తెలుస్తుంది. ఇంగ్లిషులో డ్యామేజ్ అని ఉంది కదా అని అన్నిటికీ ‘గుజ్జు దెబ్బతింది’ అని రాస్తే ఆ తేడా చేజారిపోతుంది.

మెనిస్కస్ మాటకొస్తే, గ్రీకులో మెనిస్కోస్ అంటే చిన్న చంద్రుడు, అంటే నెలవంక. కొలజాడీలో నీటి ఉపరితలం వంపు తిరిగి కనిపించే దానికీ అదే పేరు. కాబట్టి ‘నెలవంక గుజ్జు’ అంటే అర్థానికి అర్థం, ఆకారానికి ఆకారం కుదురుతుంది. మొదటిసారి వచ్చినచోట ‘నెలవంక ఆకారంలో ఉండే గుజ్జు, దీన్నే మెనిస్కస్ అంటారు’ అని రాసి, తర్వాత నెలవంక గుజ్జు అని కొనసాగించండి. మెనిస్కస్ అనే మాటను మాత్రం పూర్తిగా తీసేయొద్దు. రోగి చేతిలో ఉన్న రిపోర్టులో, డాక్టరు నోట వినిపించేది అదే. బహువచనానికి మెనిస్కై అని లాటిన్ రూపం తేవొద్దు, మెనిస్కస్‌లు అంటే చాలు.

ఆర్థో వార్డు

పదకోశం గారు క్రియల గురించి చెప్పింది చాలా విలువైన మాట. దాని వెనక శరీర నిర్మాణం కూడా తెలిస్తే అనువాదం ఎక్కడా తప్పదు.

మోకాలిలో తొడ ఎముక కింది కొస రెండు గుండ్రటి బుడిపెలుగా ఉంటుంది. దాని కింద ఉన్న పెద్ద ఎముక పైభాగం దాదాపు చదును. గుండ్రటి అడుగున్న కుండను చదును నేల మీద పెడితే ఏమవుతుంది? ఒక్కచోటే ఆనుతుంది, దొర్లిపోతుంది. అందుకే కింద గుడ్డను చుట్టిన వలయం, అంటే చుట్టకుదురు, పెడతాం. మెనిస్కస్ చేసే పని అచ్చంగా చుట్టకుదురు పనే. ప్రతి మోకాలిలో రెండుంటాయి. లోపలివైపుది ఇంగ్లిషు సి అక్షరంలా విచ్చుకుని ఉంటుంది, బయటివైపుది దాదాపు పూర్తి సున్నాలా ఉంటుంది. అడ్డంగా కోసి చూస్తే బయటి అంచు మందంగా, లోపలి అంచు కత్తి అంచులా పలచగా, చీలిక ఆకారంలో కనిపిస్తుంది. కాలు చాపి ఉన్నప్పుడు మోకాలి మీద పడే బరువులో సుమారు సగం, 90 డిగ్రీలు మడిచినప్పుడు సుమారు 85 శాతం వీటి గుండానే కిందికి దిగుతుంది.

కార్టిలేజ్ వేరు. అది ఎముక కొసకే అతుక్కుని ఉండే నున్నటి పూత. మోకాలిలో చాలాచోట్ల 2 నుంచి 4 మిల్లీమీటర్ల మందం. చిప్ప వెనక 5 మిల్లీమీటర్లు, కొందరిలో అంతకు మించి కూడా ఉంటుంది. ఈ పూతలో నరాలు లేవు, రక్తనాళాలు లేవు. కీలులోని ద్రవమే దానికి తిండి. బరువు పడ్డప్పుడు నలిగి ద్రవాన్ని వదులుతుంది, బరువు తీసినప్పుడు పీల్చుకుంటుంది. కాబట్టి ‘గుజ్జు నొప్పి పుడుతోంది’ అని రాయకండి. పూత అరిగాక నొప్పి వచ్చేది కింది ఎముక నుంచి, కీలు లోపలి పొర నుంచి.

మెనిస్కస్‌కు బయటి అంచున, ఇంచుమించు పావు వంతుకు మాత్రమే రక్తం అందుతుంది. అక్కడ చిరిగితే కుట్టు వేస్తే అతుక్కునే అవకాశం ఎక్కువ. లోపలి అంచుకు రక్తం అందదు, అక్కడి చిరుగు సొంతంగా మానదు. డాక్టర్లు రెడ్ జోన్, వైట్ జోన్ అనేది ఇదే. కరపత్రంలో ‘ఎర్ర మండలం’ అని రాస్తే ఏదో రెవెన్యూ మండలం పేరులా ఉంటుంది. ‘రక్తం అందే అంచు’, ‘రక్తం అందని లోపలి భాగం’ అనండి.

ఒకప్పుడు చిరిగిన మెనిస్కస్‌ను మొత్తంగా తీసేసేవారు. అలా తీసిన మోకాళ్లలో తర్వాత వచ్చే మార్పులను 1948లో ఫెయిర్‌బ్యాంక్ ఎక్స్‌రేల్లో చూపించారు. కీలు సందు తగ్గడం, ఎముక అంచు పెరగడం, బుడిపె చదునెక్కడం ఆ మార్పులు. చుట్టకుదురు తీసేస్తే కుండ అడుగు నేలకు రాసుకుంటుంది, అంతే. అందుకే ఇప్పుడు కుట్టగలిగితే కుడతారు, తీయక తప్పనప్పుడు చిరిగిన ముక్క వరకే తీస్తారు. ‘మెనిసెక్టమీ’ (మెనిస్కస్‌ను తీసే ఆపరేషన్) అని ఉంటే ముందు పార్షియల్, అంటే కొంత భాగమే, అని ఉందో లేదో చూడండి. దాన్ని వదిలేసి ‘గుజ్జు తీసేస్తారు’ అని రాస్తే రోగి ఆపరేషన్ కాగితం మీద సంతకం పెట్టడు. ‘చిరిగిన ముక్కను మాత్రమే కత్తిరించి, మిగతా అంచును నున్నగా సరిచేస్తారు’ అని రాయాలి.

రేడియాలజీ బల్ల

మీరిచ్చిన వాక్యంలో నాలుగు చోట్ల జారే ప్రమాదం ఉంది.

మొదటిది టియర్. మెషీన్ అనువాదానికి వదిలేస్తే కన్నీరు అయ్యే మాట ఇది, తప్పక దిద్దండి. చిరుగు సరైన మాట. పగులు అనకండి, పగిలేది ఎముక.

రెండోది మీడియల్. ‘లోపలి గుజ్జు’ అని రాస్తే కీలు లోపల ఉన్న గుజ్జు అని అర్థమవుతుంది, రెండు మెనిస్కస్‌లూ కీలు లోపలే కదా. ‘మోకాలి లోపలివైపు, అంటే రెండో మోకాలి వైపున్న’ అని విప్పి చెప్పండి. లాటరల్ అయితే బయటివైపు.

మూడోది హార్న్. నెలవంకకు రెండు కొసలుంటాయి, వాటినే కొమ్ములు అంటాం. నెలవంక అని ముందే రాశారు కాబట్టి ‘వెనక కొమ్ము’ అంటే సహజంగానే ఉంటుంది.

నాలుగోది, అన్నిటికంటే ఎక్కువ భయపెట్టేది, గ్రేడ్. ఒకే మోకాలి కాగితాల్లో గ్రేడ్ అనే మాట కనీసం మూడు వేరు కొలతలకు వస్తుంది. ఎమ్మారైలో మెనిస్కస్‌కు 1, 2, 3 ఉంటాయి. ఇందులో 1, 2 అంటే గుజ్జు లోపల కనిపించే రంగు తేడా మాత్రమే, చిరుగు కాదు. ఆ గీత గుజ్జు ఉపరితలం దాకా వస్తేనే 3, అదే చిరుగు. ఎక్స్‌రేలో అరుగుదలకు 0 నుంచి 4 వరకు ఉండే కెల్‌గ్రెన్ లారెన్స్ కొలత వేరు, అది 1957 నాటిది. కార్టిలేజ్ దెబ్బతిన్న లోతుకు ఇంకో గ్రేడ్. మెనిస్కస్ గ్రేడ్ 2 చూసి ‘రెండో దశ కీళ్ల అరుగుదల’ అని రాశారంటే అది పెద్ద తప్పు. మూడో దశ, నాలుగో దశ అనగానే మనవాళ్లకు క్యాన్సర్ గుర్తొస్తుంది. అందుకని దశ అనే మాటే వద్దు. ‘గ్రేడ్ 3, అంటే చిరుగు గుజ్జు ఉపరితలం దాకా వచ్చింది’ అని రాయండి.

ఎఫ్యూజన్ అంటే కీలులో నీరు చేరడం. మామూలు మోకాలిలో ఈ ద్రవం సుమారు 4 మిల్లీలీటర్లకు మించదు, టీ చెంచాడు కూడా కాదు. ‘మైల్డ్’ అంటే మామూలు కంటే కొంచెం ఎక్కువ అని. చీము కాదని రోగికి తెలిసేలా ‘నీరు’ అనే అనండి.

ఎక్స్‌రే గురించి ఒక మాట. కార్టిలేజ్ గానీ మెనిస్కస్ గానీ మామూలు ఎక్స్‌రేలో కనబడవు. కనబడేది రెండు ఎముకల మధ్య నల్లటి సందు. ఆ సందులో రెండు వైపుల పూతా, మధ్యలో మెనిస్కస్సూ అన్నీ ఉంటాయి. కాబట్టి ‘జాయింట్ స్పేస్ రిడక్షన్’ను ‘కీలు సందు తగ్గింది’ అని రాయాలి. ‘గుజ్జు ఇంత శాతం అరిగింది’ అనే లెక్క ఎక్స్‌రే నుంచి రాదు. మెనిస్కస్ పక్కకు జరిగిపోయినా సందు తగ్గుతుంది. పైగా పడుకోబెట్టి తీసిన ఎక్స్‌రేలో సందు బాగానే ఉన్నట్టు కనిపించి, నిలబెట్టి తీస్తే మూసుకుపోయి కనిపించవచ్చు. రిపోర్టులో ‘స్టాండింగ్’ లేదా ‘వెయిట్ బేరింగ్’ అని ఉంటే ‘నిలబెట్టి తీసినది’ అనే ముక్క తప్పకుండా ఉంచండి.

ఎముకను తెలంగాణలో బొక్క అంటారు, కోస్తాలో బొక్క అంటే రంధ్రం. రెండు రాష్ట్రాలకూ ఒకే కాగితం అయితే ఎముక అనే మాటే క్షేమం.

అనువాదిని

ఇంత వివరంగా చెప్పినందుకు అందరికీ కృతజ్ఞతలు. ఇంకో రెండు సందేహాలు. కరపత్రంలో ‘విస్కో సప్లిమెంటేషన్’ అనే భాగం ఉంది. బయట అందరూ గుజ్జు ఇంజెక్షన్ అంటారు, అలాగే రాయొచ్చా? ‘రూట్ టియర్’ను వేరు చిరుగు అంటే ఎబ్బెట్టుగా ఉంది. చుట్టకుదురు పోలిక నాకు చాలా నచ్చింది, కానీ కుర్రవాళ్లకు తెలుస్తుందా?

కీళ్ల ఫిజియో

గుజ్జు ఇంజెక్షన్ అని మాత్రం రాయకండి. నా దృష్టిలో ఈ మొత్తం చర్చలో రోగికి డబ్బు, కాలం ఎక్కువగా పోయేది ఆ ఒక్క మాట వల్లే. అందులో ఉండేది హైలురోనిక్ ఆమ్లం. కీలులోని ద్రవంలో సహజంగా ఉండే జిగట పదార్థం అదే. అది కందెన లాంటిది, అరిగిన పూతను తిరిగి మొలిపించదు. ‘గుజ్జు ఎక్కించారు’ అని విన్నవాళ్లు ట్యాంకులో నీళ్లు నింపినట్టు ఖాళీ నిండిందనుకుంటారు. ఆరు నెలలకు మళ్లీ నొప్పి వస్తే గుజ్జు అయిపోయిందనుకుంటారు. ‘కీలులో జిగురు ద్రవం ఇంజెక్షన్. కొందరికి కొంతకాలం నొప్పి తగ్గవచ్చు, అరిగిన గుజ్జు తిరిగి రాదు’ అని రాయండి. అమెరికన్ కాలేజ్ ఆఫ్ రుమటాలజీ వారి 2019 మార్గదర్శకాలు మోకాలి అరుగుదలకు గ్లూకోసమైన్ మాత్రలు వద్దని గట్టిగానే చెప్పాయి, ఈ ఇంజెక్షన్‌కు కూడా మొగ్గు చూపలేదు.

బెండకాయ నీళ్లు, తుమ్మకాయల పొడి తాగితే గుజ్జు పెరుగుతుందని ఫోన్లలో తిరిగే మాటలకు మూలం కూడా ఈ పేరే. జిగురుగా ఉన్నది తింటే జిగురు పెరుగుతుందన్న ఊహ. తిన్నది కడుపులో అరిగి రక్తంలో కలుస్తుంది, పూతకు రక్తనాళాలే లేవు. బెండకాయ కూరగా తినడానికి మంచిదే, తినమనండి. దానికోసం చికిత్స ఆపవద్దని మాత్రం కరపత్రంలో ఒక వాక్యం పెట్టండి.

అదే కాగితంలో పనికొచ్చే వ్యాయామం ఒకటైనా ఉండాలి. కాలు చాపుకుని కూర్చుని, మోకాలి కింద చుట్టిన తువ్వాలు పెట్టి, తువ్వాలును నేలకేసి నొక్కినట్టు తొడ బిగించాలి. 5 సెకన్లు పట్టి వదలాలి. ఇలా 10 సార్లు, రోజుకు మూడు పూటలు. ఊపిరి బిగబట్టకూడదు. చాలామంది చేసే తప్పు మడమ పైకి లేపడమో, తుంటిని బిగించడమో. తొడ ముందు కండ గట్టిపడిందో లేదో చెయ్యి వేసి చూసుకోమని రాయండి. బరువు సంగతి కూడా చెప్పండి, ఒంట్లో 1 కిలో తగ్గితే వేసే ప్రతి అడుగులో మోకాలి మీద సుమారు 4 కిలోల భారం తగ్గుతుంది.

బర్సాను ఎక్కడా గుజ్జు అనకండి. అది ద్రవం ఉండే పలచటి సంచి, లాటిన్‌లో ఆ మాటకు అర్థం కూడా సంచే. చర్మానికీ ఎముకకూ మధ్య, కండర కొసకూ ఎముకకూ మధ్య రాపిడి తగ్గించడం దాని పని. టైల్స్ వేసేవాళ్లు, మోకాళ్ల మీద వంగి పనిచేసేవాళ్లకు చిప్ప ముందర ఉబ్బేది ఇదే, కీలు లోపలి జబ్బు కాదు. మోకాలి లోపలివైపు, కీలు గీతకు రెండంగుళాల కింద నొక్కితే నొప్పి ఉండి, మెట్లెక్కేటప్పుడు పెరిగితే అక్కడి బర్సా వాపు అయ్యుండే అవకాశం ఉంది. చాలామంది దాన్నే గుజ్జు అరిగిందనుకుని కూర్చుంటారు.

ఆర్థో వార్డు

రూట్ అంటే నెలవంక గుజ్జు రెండు కొసలు ఎముకలో నాటుకున్న చోటు. ‘ఎముకకు పాతుకున్న కొస ఊడింది’ అనండి. మనవాళ్లలో ఇది ముఖ్యమైన జబ్బు. నడివయసు దాటినవాళ్లు, ఎక్కువగా ఆడవాళ్లు, గొంతుకు కూర్చుని లేచేటప్పుడో మెట్టు దిగేటప్పుడో మోకాలి వెనక టప్పుమని, ఆ క్షణం నుంచి నొప్పి మొదలవుతుంది. చుట్టకుదురు పోలిక ఇక్కడే బాగా పనిచేస్తుంది. గుడ్డను చుట్టి ముడి వేసినంతసేపు కుండ బరువును అది వలయంలా పట్టి ఉంచుతుంది. ముడి ఊడితే గుడ్డ చినగకపోయినా రెండు పక్కలకూ విచ్చుకుపోతుంది, కుండ నేలను తాకుతుంది. రూట్ ఊడిన మెనిస్కస్ కూడా అలాగే బయటికి జరిగిపోతుంది, బరువు మోయడంలో ఉన్నా లేనట్టే. చూడడానికి చిన్న చిరుగే, ఫలితం మాత్రం మొత్తం తీసేసినంత. అందుకే దీన్ని ‘చిన్న చిరుగు’ అని రాయకూడదు.

‘బకెట్ హ్యాండిల్ టియర్’ అని కనబడితే ఇంకా జాగ్రత్త. గుజ్జు నిలువుగా చీలి, లోపలి భాగం బకెట్ పిడిలా లేచి కీలు మధ్యలోకి పడుతుంది. మోకాలు మడతపడి ఉండిపోతుంది, చాపలేరు. ‘మోకాలు పట్టేసి పూర్తిగా చాపలేకపోతే బలవంతంగా లాగవద్దు, మసాజ్ చేయించవద్దు, ఆలస్యం చేయకుండా డాక్టరును కలవండి’ అన్న వాక్యం పెద్ద అక్షరాల్లో ఉండాలి.

మార్పిడి ఆపరేషన్ గురించి కూడా ఉంటే, ‘మోకాలి చిప్పల మార్పిడి’ అనే వాడుక సరిదిద్దండి. చాలా ఆపరేషన్లలో చిప్పను మార్చరు. తొడ ఎముక కొసకు లోహపు తొడుగు, కింది ఎముకకు లోహపు పళ్లెం, మధ్యలో పాలిథిలీన్ పలక పెడతారు. పూత, మెనిస్కస్ రెండింటి పనీ ఆ పలకే చేస్తుంది. మోకీలు మార్పిడి అనడం సరైనది.

పదకోశం

చుట్టకుదురును పదంగా పెట్టకండి, బొమ్మ పక్కన వివరణగా వాడండి. పెద్దవాళ్లకు మాట చాలు, చిన్నవాళ్లకు బొమ్మ చెబుతుంది. పదం నెలవంక గుజ్జే.

కార్టిలేజ్‌కు ‘ఎముక కొసల మీది గుజ్జుపొర’ అనండి, ఒక్కసారి మాత్రం మృదులాస్థి అని పక్కన చెప్పండి. ‘కాండ్రోమలేసియా’ దగ్గర ఈ జాగ్రత్త తప్పదు. దానర్థం పూత మెత్తబడడం. ‘మృదులాస్థి మృదువుగా మారింది’ అని రాస్తే అది మంచి సంగతిలా వినబడుతుంది. ‘చిప్ప వెనకున్న గుజ్జుపొర గట్టిదనం పోయి మెత్తబడింది’ అంటే జబ్బు అని తెలుస్తుంది. ఎముకల లోపలి మూలుగను, అంటే మజ్జను, గుజ్జుతో కలపకుండా చూడండి. మ్యారో ఎడీమా అని రిపోర్టులో వస్తే అది ఎముక లోపలి మూలుగలో నీరు, కీలు గుజ్జులో కాదు.

మీ వాక్యం ఇలా ఉండొచ్చు: ‘మోకాలి లోపలివైపు, అంటే రెండో మోకాలి వైపున్న నెలవంక గుజ్జు (మెనిస్కస్) వెనక కొమ్ము దగ్గర చిరిగింది. ఎమ్మారైలో దీన్ని గ్రేడ్ 3 అంటారు, చిరుగు గుజ్జు ఉపరితలం దాకా వచ్చిందని దీనర్థం. ఇది అరుగుదల కొలత కాదు. కీలులో కొద్దిగా నీరు కూడా చేరింది.’

రేడియాలజీ బల్ల

బాగుంది. కుడి మోకాలో ఎడమ మోకాలో వాక్యం మొదట్లోనే చేర్చండి. మూలంలో పేజీ పైన ఒక్కసారే ఉంటుంది, సారాంశం రాసేటప్పుడు తరచూ జారిపోయేది అదే.